రాయగడలో బీఎస్సీ చదివి మలేరియా, సికిల్‌సెల్ మీద పరిశోధన చేయొచ్చా?

నమస్తే అమ్మా. మీరు అడిగింది ఇదీ: మీది రాయగడ, ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇప్పుడు బీఎస్సీ జువాలజీ ఆఖరి ఏడాది. మలేరియా, సికిల్‌సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) లాంటి జబ్బులనూ మనుషుల జన్యువులనూ కలిపి చూసే పరిశోధన చేయాలని ఉంది. నాన్నగారేమో బీఈడీ చేసి టీచరు పోస్టుకు ప్రయత్నించమంటున్నారు. ఎంబీబీఎస్ లేకుండా, విదేశాలకు పోకుండా ఈ దారిలో బతుకు గడుస్తుందా?

గడుస్తుంది. ఎంబీబీఎస్ అక్కర్లేదు, విదేశం తప్పనిసరి కాదు. కానీ కొన్నేళ్లు హైదరాబాదో భువనేశ్వరో విశాఖో వెళ్లి ఉండక తప్పదు. ముప్ఫై దాటేదాకా చేతిలో పర్మనెంటు ఉద్యోగం లేకపోవచ్చు. ఈ రెండు సంగతులూ ఇంట్లో ముందే చెప్పేయండి. ఇంకొక్క మాట: జన్యువుతో మొదలుపెట్టకండి, జబ్బుతో మొదలుపెట్టండి. ల్యాబు పనికన్నా ముందు లెక్కలు నేర్చుకోండి. ఎందుకో చెప్పడానికి కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

నాది గుణుపురం. నాన్నకి బజారులో కిరాణా కొట్టు. ఆంధ్రా యూనివర్సిటీలో హ్యూమన్ జెనెటిక్స్ ఎమ్మెస్సీ చేసి, పీహెచ్‌డీ కోసం మళ్లీ మన కొండల్లోకే వచ్చాను. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. కొన్నాళ్లు మనుషుల రక్తంలో వాళ్ల జన్యువులు చూడటం, కొన్నాళ్లు అదే రక్తంలో కాపురం పెట్టిన మలేరియా క్రిమి జన్యువులు చూడటం. పేరు, ఆఫీసు చెప్పను. కింద కొన్ని ఫిర్యాదులు కూడా ఉన్నాయి మరి.

ముందు మీరు ఎక్కడ కూర్చుని ఈ ప్రశ్న అడిగారో చూడండి. మనవాళ్లకి రాయగడ అంటే మజ్జి గౌరమ్మ గుడి, రైల్వే జంక్షను. మలేరియా చదివేవాళ్లకి మాత్రం జయపురం కొండలు వందేళ్ల పైనుంచి తెలిసిన పేరు. అప్పట్లో కోరాపుట్, రాయగడ వైపంతా విశాఖపట్నం జిల్లాలో జయపురం జమీందారీ కింద ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డప్పుడు అటు వెళ్లింది. ఆ కొండల మలేరియా గురించి పెర్రీ అనే ఆయన 1914లోనే అచ్చువేశాడు. ఇప్పటికీ పుదుచ్చేరిలోని దోమల నియంత్రణ పరిశోధన కేంద్రానికి కోరాపుట్‌లో ఫీల్డ్ స్టేషన్ ఉంది. మన కొండవాగుల్లో మెల్లగా పారే నీళ్లలో పెరిగే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ దోమ మామూలుది కాదు. చూడటానికి ఒకేలా ఉండే జాతులు మూడింటిని సరళా సుబ్బారావు గారి బృందం క్రోమోజోములు చూసి విడదీసింది. వాటిలో ఎస్ అనే జాతి మనిషి రక్తాన్నే ఎక్కువగా కోరుకుంటుంది. మన కొండల్లో మలేరియా అంత మొండిగా ఉండటానికి అదొక కారణం.

పర్లాకిమిడి గిడుగు రామమూర్తి పంతులు గారి కథ మీకు తెలిసే ఉంటుంది. సవర భాష నేర్చుకోవడానికి కొండలెక్కి మలేరియా తెచ్చుకున్నారు, దానికి క్వినైన్ వాడి వాడి చెవుడు తెచ్చుకున్నారు. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, ఆ సభల్లో ఈ క్వినైన్ సంగతి ఎత్తేవాళ్లు తక్కువ. మందు ఎవరికి మేలు చేస్తుంది, ఎవరికి చేటు చేస్తుంది అన్నది మన ఊళ్లలో అంత పాత ప్రశ్న. నా ఉద్యోగంలో సగం ఆ ప్రశ్నే.

జన్యువుల వైపు కూడా మన నేలకి చుట్టరికం ఉంది. మలేరియా ఎక్కువగా ఉన్న చోట్ల కొన్ని రక్తజబ్బుల జన్యువులు అంతరించకుండా ఎందుకు నిలిచాయి? 1949లో బ్రిటిష్ జన్యు శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ థలసీమియా (రక్తహీనత తెచ్చే వంశపారంపర్య జబ్బు) గురించి ఒక ఊహ అచ్చువేశారు: అమ్మనాన్నల్లో ఒకరి నుంచి మాత్రమే ఆ జన్యువు వచ్చినవాళ్లకి మలేరియా నుంచి కొంత కాపుదల ఉంటుందేమో అని. 1954లో ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో సికిల్‌సెల్ విషయంలో అది నిజమని చూపించారు. ఆ హాల్డేన్ 1957లో ఇండియా వచ్చేసి ఇక్కడి పౌరసత్వం తీసుకున్నారు. 1962లో భువనేశ్వర్ చేరి, 1964 డిసెంబరు 1న అక్కడే పోయారు. దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి రాసిచ్చారు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణ ఆయన శిష్యుడే, మగవాళ్ల చెవుల మీద వెంట్రుకలు వంశంలో ఎలా దిగుతాయో లెక్క తీసిన మనిషి. మా తాతగారి చెవులు చూసినప్పుడల్లా నాకు ఆ వ్యాసం గుర్తొచ్చేది.

ఇక నా మొదటి తెలివితక్కువ పని. లెక్కలు ముందు అని ఎందుకన్నానో దీనితో తెలుస్తుంది.

పీహెచ్‌డీ రెండో ఏడాది. ఊరూరా తిరిగే ఓపిక లేక, వారపు సంతకి వచ్చినవాళ్ల దగ్గర వేలి నుంచి రక్తపు చుక్క ఫిల్టర్ కాగితం మీద తీసుకున్నాను. ఒక్క రోజులో అంతమంది దొరికారని సంబరపడ్డాను. తీరా సికిల్ జన్యువు లెక్క వేస్తే, ఒక కాపీ ఉన్న క్యారియర్లు ఉండాల్సినదానికన్నా తక్కువ, రెండు కాపీలున్న రోగులు ఎక్కువ. ప్రకృతి ఏదో ఎంపిక చేస్తోందని నాలుగు పేజీలు రాసుకుని మురిసిపోయాను కూడా. మా గైడ్ గారు చదివి ఒక్కటే అడిగారు: "వీళ్లలో ఎవరు ఎవరికి పిల్లనిస్తారో కనుక్కున్నావా?"

కనుక్కోలేదు. సంతకి అన్ని వర్గాలవాళ్లూ వస్తారు, ఉప్పు దగ్గర, ఎండుచేపల దగ్గర భుజాలు రాసుకుంటూ నిలబడతారు, కానీ పెళ్లిళ్లు ఎవరివి వాళ్లవే. లెక్క చూడండి. ఒక ఊళ్లో ఈ జన్యువు నూటికి 10 వంతులు ఉందనుకుందాం. పెళ్లిళ్లు ఏ తేడా లేకుండా అందరి మధ్యా జరిగితే, హార్డీ, వైన్‌బర్గ్ సూత్రం ప్రకారం నూరు మందిలో 18 మంది క్యారియర్లు, ఒక రోగి ఉండాలి. ఇప్పుడు రెండు వర్గాలు తీసుకోండి: ఒకదాంట్లో జన్యువు అసలు లేదు, రెండోదాంట్లో నూటికి 20 వంతులు. చెరి సగం కలిపితే సగటు మళ్లీ 10 వస్తుంది. కానీ మనుషుల్ని లెక్కపెడితే క్యారియర్లు 16 మంది, రోగులు ఇద్దరు. ఏ ఎంపికా లేదు, ఏ వింతా లేదు. రెండు గంపల కాయలు నేనే ఒక గంపలో పోశాను. దీన్ని వాలుండ్ ప్రభావం అంటారు. పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను, సంతలో మాత్రం గుర్తు రాలేదు.

ఎవరు ఎవరికి పిల్లనిస్తారు అన్నది జనాభా జన్యుశాస్త్రంలో మొదటి ప్రశ్న. తెలుగువాళ్లకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు, మేనరికాలు మన ఇళ్లలోనే ఉన్నాయి కదా. పైన చెప్పిన ఊళ్లోనే బావామరదళ్ల పెళ్లి అయితే పుట్టే పిల్లల్లో రోగులు వెయ్యికి 10 నుంచి దాదాపు 16కి పెరుగుతారు. మేనమామనే చేసుకుంటే 21. పెరుగుదల ఉంది కానీ కొంపలు మునిగేంత కాదు. అదే జన్యువు అరుదైనది, నూటికి ఒక్క వంతే ఉందనుకోండి. అప్పుడు పదివేలకి ఒకరు రావాల్సిన రోగులు, బావామరదళ్ల పిల్లల్లో ఏడుగురవుతారు. అంటే మేనరికం దెబ్బ అరుదైన జబ్బుల మీదే గట్టిగా పడుతుంది. "మేనరికం వల్లే సికిల్‌సెల్ వస్తుంది" అని మన దగ్గర క్యాంపుల్లో చెప్పేది సగం నిజమే. సికిల్ జన్యువు ఎక్కువగా ఉన్న వర్గంలో బయటి సంబంధం చేసుకున్నా ఎదుటి మనిషి క్యారియర్ అయ్యే వీలు బోలెడు.

మా సొంత కులం సంగతి చెప్తాను, ఎవరికీ కోపం రాదు. మేము వైశ్యులం. 2009లో హైదరాబాద్ సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ), హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి 25 వర్గాల నుంచి 132 మంది జన్యువులు చూసి భారతీయుల పూర్వీకుల గురించి ఒక పెద్ద వ్యాసం రాశారు. లాల్జీ సింగ్, తంగరాజ్ గార్లు అందులో ఉన్నారు. మనలో చాలా వర్గాలు కొద్దిమంది పూర్వీకుల నుంచి మొదలై, వేరేవాళ్లతో కలవకుండా వందల తరాలుగా కాకపోయినా పదుల తరాలుగా లోలోపలే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చాయని తేలింది. వైశ్యులు దానికి బాగా చెప్పుకునే ఉదాహరణ. మాలో కొందరికి బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం ఉంటుంది. మామూలు బతుకులో దానివల్ల ఏ బాధా ఉండదు. ఆపరేషన్ టేబుల్ మీద సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తే మాత్రం, నిమిషాల్లో దిగాల్సిన కండరాల సడలింపు గంటల తరబడి దిగదు. మా మేనమామకి హెర్నియా ఆపరేషన్ అప్పుడు మత్తు డాక్టరుగారికి ఈ ముక్క నేనే చెప్పాను. ఆయన నవ్వి "తెలుసమ్మా, కోమట్లయితే మేమే అడుగుతాం" అన్నారు. ఇంత చదివిందీ ఆ ఒక్క వాక్యంలో కొట్టుకుపోయింది.

ఇప్పుడు క్రిమి వైపు చూద్దాం. జనాభా జన్యుశాస్త్రం అంటే మనుషులదే అనుకోకండి. మలేరియా క్రిములకీ జనాభా ఉంటుంది, వలసలు ఉంటాయి, వంశాలు ఉంటాయి. ఒక ఊళ్లో "మందు పనిచేయట్లేదు, తిన్న నెల లోపే మళ్లీ చలిజ్వరం" అని గోల. ఆర్టిమిసినిన్ మందుకి లొంగని క్రిమి మన కొండల్లోకి దిగిందేమోనని మా అందరికీ టెన్షన్. ఆగ్నేయాసియాలో అప్పటికే ఆ మొండితనం ఉంది, దానికి కారణమైన కెల్చ్ 13 జన్యువు మార్పుల గురించి 2014లో తెలిసింది. మొదటిరోజు కాగితం మీద తీసిన చుక్కలూ, జ్వరం తిరగబెట్టిన రోజు తీసిన చుక్కలూ పక్కపక్కన పెట్టి పీసీఆర్ (జన్యువు ముక్కని లక్షల కాపీలు తీసే పద్ధతి) చేసి, క్రిమి క్రిమికీ మారే ఎంఎస్‌పీ1, ఎంఎస్‌పీ2, గ్లర్ప్ అనే మూడు జన్యువుల పొడవులు పోల్చాం. దాదాపు అందరిలోనూ రెండోసారి వచ్చింది వేరే క్రిమి. పాతది మందుకి చచ్చింది, కొత్తది కొత్తగా దోమ కుట్టి వచ్చింది. అంటే లోపం మందులో లేదు. పంచిన దోమతెరలు కొన్ని ఇళ్లలో చేపల వలలయ్యాయి, కొన్ని ఇళ్లలో ధాన్యం మీద కప్పారు. పీసీఆర్ చేయకపోతే మేము మందు మార్చమని రాసి ఉండేవాళ్లం.

ఇంకో ముక్క త్వరగా చెప్పేస్తాను. ఆశా దిదీలు వేలు పొడిచి చేసే కిట్టు, మలేరియా క్రిముల్లో ఫాల్సిపారం అనే రకం వదిలే హెచ్‌ఆర్‌పీ2 అనే ప్రొటీనుని పట్టుకుంటుంది. ఆ జన్యువే ఊడిపోయిన క్రిములు ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లలో కనిపించాయి. జ్వరం ఉంటుంది, క్రిమి ఉంటుంది, కిట్టు మాత్రం "లేదు" అంటుంది. అందుకే కిట్టు లేదన్నా గట్టి అనుమానం ఉంటే స్లైడు తీసి మైక్రోస్కోపు కింద చూడాలి. పాత పద్ధతి కదా అని స్లైడు చూడటం నేర్చుకోకుండా ఉండకండి.

మందు చేటు చేసే కథకి వస్తాను. వైవాక్స్ అనే ఇంకో రకం మలేరియా కాలేయంలో దాక్కుని తిరగబెడుతుంది, దాన్ని అక్కడ చంపడానికి 14 రోజులు ప్రైమాక్విన్ ఇస్తారు. జీ6పీడీ అనే ఎంజైము తక్కువున్నవాళ్లకి ఆ మందుతో ఎర్రకణాలు పగిలిపోతాయి. నేను చూసిన పిల్లాడికి మూడో రోజున మూత్రం నల్ల టీ రంగులో వచ్చింది. వాళ్ల అమ్మ దిసారి (ఊళ్లో జాతకం, నాటువైద్యం చూసే పెద్ద) దగ్గరికి తీసుకెళ్లింది. నయమే, ఎందుకంటే ఆయన "బిళ్లలు ఆపండి" అన్నాడు, సరైన మాటే! పిల్లాడు తేరుకున్నాడు. వారం తర్వాత పరీక్ష చేస్తే జీ6పీడీ మామూలుగానే ఉందని వచ్చింది. అక్కడ నేను మోసపోబోయాను. కణాలు పగిలిన వెంటనే ఒంట్లో కొత్త కణాలు పుట్టుకొస్తాయి, లేత కణాల్లో ఎంజైము ఎక్కువే ఉంటుంది, అందుకని పరీక్ష బాగుందంటుంది. మూడు నెలలాగి మళ్లీ చేస్తే లోపం బయటపడింది. ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది కాబట్టి మగపిల్లల్లో సూటిగా కనిపిస్తుంది, ఆడవాళ్లలో సగం సగంగా ఉండి మామూలు పరీక్షకి దొరక్కుండా పోవచ్చు. మన గిరిజనుల్లో ఎక్కువగా కనిపించే రకానికి శాస్త్రంలో పేరే "జీ6పీడీ ఒరిస్సా", 1995లో అచ్చయింది. ఎంజైము అణువులో 44వ చోట అలనైన్ బదులు గ్లైసిన్ ఉంటుంది, అంతే తేడా. అంత చిన్న తేడా ఆ పిల్లాడి చెంబులో నల్లగా కనిపించింది.

సికిల్‌సెల్ దగ్గర నేను చూసిన కష్టం వేరు. బీటా గ్లోబిన్‌లో ఆరో అమినో ఆమ్లం గ్లుటామిక్ ఆమ్లం పోయి వాలీన్ వస్తుంది, ఇది మీ పుస్తకంలో ఉంటుంది. పుస్తకంలో లేనిది చెప్తాను. ఒకచోట క్యాంపులో సాల్యుబిలిటీ పరీక్ష చేసి, పెళ్లి కుదిరిన ఒక అమ్మాయి చేతికి "సికిల్ పాజిటివ్" అని చీటీ ఇచ్చి పంపారు. ఆ పరీక్ష క్యారియర్‌కీ రోగికీ తేడా చెప్పదు. తేడా తెలియాలంటే హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ గానీ ఎలక్ట్రోఫోరెసిస్ గానీ చేయాలి. చీటీ సంగతి అబ్బాయి ఇంట తెలిసి సంబంధం తప్పిపోయింది. తర్వాత మేము చేస్తే ఆమె ఉత్త క్యారియర్, ఏ జబ్బూ లేదు. ఆ అబ్బాయిని మాత్రం ఎవరూ పరీక్ష చేయించలేదు. అతనూ క్యారియర్ అయితేనే కదా ప్రతి కాన్పుకీ నాలుగో వంతు భయం. ఈ లెక్క వాళ్ల పెద్దలకి పలక మీద గీసి చూపించాను, విన్నారు, సంబంధం మాత్రం తిరిగి కలవలేదు. 2023 జులై 1న మధ్యప్రదేశ్ షహడోల్‌లో మొదలుపెట్టిన జాతీయ మిషన్ కింద 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందిని పరీక్షించాలన్నది లక్ష్యం, 2047 నాటికి జబ్బు లేకుండా చేయాలని. మంచిదే. కానీ చీటీ ఇచ్చేవాళ్లు ఆ చీటీ అర్థం కూడా చెప్పి పంపాలి. మీరు ఈ రంగంలోకి వస్తే మొదటి ఏడాది నుంచీ ఈ బాధ్యత మీ మీద ఉంటుంది.

ఆరు నెలల లోపు పసిపిల్లలకి ఆ సాల్యుబిలిటీ పరీక్ష చేసి "లేదు" అని చెప్పడం ఇంకో తప్పు, వాళ్లలో ఇంకా గర్భంలోని హిమోగ్లోబిన్ ఎక్కువే ఉంటుంది. మనదేశంలో కనిపించే సికిల్ రకంలో పెద్దయ్యాక కూడా ఆ హిమోగ్లోబిన్ కాస్త ఎక్కువగా నిలుస్తుంది, అందుకే ఆఫ్రికా రకంకన్నా మెత్తన అంటారు. ఇది మన దగ్గర విడిగా పుట్టిన మార్పేనని 1986లో కులోజిక్ బృందం చెప్పింది, వాళ్లు చూసినవాటిలో ఒడిశా నమూనాలూ ఉన్నాయి. కానీ మెత్తన అన్న మాట ఆసుపత్రి మంచం మీద ఎముకల నొప్పితో మెలికలు తిరిగే పిల్ల ముందు అనకండి. సికిల్ జన్యువు మలేరియా నుంచి కాపాడుతుందన్నది కూడా క్యారియర్లకే వర్తిస్తుంది. రోగికి మలేరియా వస్తే ప్రాణం మీదకే వస్తుంది. (వాళ్లకి రోజూ ఇచ్చే ఫోలిక్ యాసిడ్‌ని ల్యాబులో తయారుచేసిన లెడర్లే మందుల కంపెనీ బృందాన్ని నడిపింది మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారే. ఎక్కడికి పోయినా మనవాళ్లే తగులుతారు.)

సమ్మతి పత్రం గురించి. ఒకసారి మూడు ఊళ్లు తిరిగాక గానీ తెలియలేదు, మా దుబాసీ "జన్యువు చూస్తారు" అన్న మాటని "మీ వంశం నెత్తుట్లో దోషం ఉందేమో చూస్తారట" అని చెబుతున్నాడని. కొందరు అందుకే పొలాల్లోకి వెళ్లిపోయారు. వేలిముద్ర పడితే సమ్మతి అయిపోదు. అమెరికాలో హవాసుపాయ్ తెగవాళ్లు చక్కెర వ్యాధి పరిశోధనకని రక్తమిస్తే, దాన్ని మానసిక వ్యాధులకీ, వాళ్ల పూర్వీకుల వలసలకీ వాడారు. వాళ్లు కోర్టుకెక్కితే 2010లో విశ్వవిద్యాలయం రాజీపడి పరిహారం ఇచ్చింది, మిగిలిన నమూనాలు తిరిగి అప్పగించింది. ఇక్కడ మనకి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 నైతిక మార్గదర్శకాలున్నాయి. ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఒక్క చుక్క కూడా తీయకండి, గైడ్ తొందరపెట్టినా సరే.

మీకు ఇక్కడో సౌలభ్యం ఉంది. తెలుగు, ఒడియా రెండూ వచ్చు, సంతలో దేశియా (మన కొండల ఒడియా యాస) కూడా చెవిన పడే ఉంటుంది. హైదరాబాద్ ల్యాబుల్లో నాకన్నా వందరెట్లు తెలివైన పిల్లలున్నారు, వాళ్లు ఒక పేషెంటు అమ్మతో అరుగు మీద కూర్చుని పది నిమిషాలు మాట్లాడలేరు. గిరిజన భాషల్లో కువి గానీ సవర గానీ కాస్తయినా నేర్చుకోండి.

ఇక దారి. ఎమ్మెస్సీకి హ్యూమన్ జెనెటిక్స్, లైఫ్ సైన్సెస్, బయోటెక్నాలజీ, ఆంత్రోపాలజీ ఏదైనా పరవాలేదు. ఆంధ్రా యూనివర్సిటీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, బరంపురం యూనివర్సిటీ, కోరాపుట్‌లోని ఒడిశా సెంట్రల్ యూనివర్సిటీ చూడండి. ప్రవేశాలకి జామ్, సీయూఈటీ పీజీ, గ్యాట్-బీ ఉంటాయి. తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్, డీబీటీ వాళ్ల బెట్ లాంటి ఫెలోషిప్ పరీక్షల్లో ఏదో ఒకటి కొట్టాలి. జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకి 37,000, రెండేళ్ల తర్వాత 42,000, ఇంటి అద్దె వేరే. ఆ డబ్బు నెలనెలా పడుతుందని మాత్రం లెక్క వేసుకోకండి, నాలుగైదు నెలలు ఆగిపోయిన సందర్భాలు నా విద్యార్థులకే ఉన్నాయి. పీహెచ్‌డీకి భువనేశ్వర్‌లో లైఫ్ సైన్సెస్ ఇన్‌స్టిట్యూట్, ఐసీఎంఆర్ ప్రాంతీయ కేంద్రం, నైసర్ ఉన్నాయి. బరంపురంలో ఐసర్, హైదరాబాద్‌లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, ఢిల్లీలో మలేరియా పరిశోధన సంస్థ, బెంగాల్ కల్యాణిలో బయోమెడికల్ జీనోమిక్స్ సంస్థ. చంద్రపూర్ వైపు మన తెలుగువాళ్లెవరైనా ఇది చదువుతుంటే, అక్కడ సికిల్‌సెల్, థలసీమియాల కోసమే ఐసీఎంఆర్ కేంద్రం ఒకటుంది.

లెక్కలు అన్నాను కదా: సంభావ్యత, రిగ్రెషన్, ఆర్ ప్రోగ్రామింగ్, లైనక్స్ కాస్త. ఇవన్నీ ఇంట్లో కూర్చుని పాత ల్యాప్‌టాప్ మీద నేర్చుకోవచ్చు, ఒక్క రూపాయి ఖర్చు లేదు. పీసీఆర్ ఎవరైనా ఆరు వారాల్లో నేర్పుతారు. నమూనా ఎలా ఎంచుకోవాలో నాకు తెలియడానికి ఒక సంత, రెండేళ్లు పట్టాయి.

ల్యాబు ఎంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త. ఒక చోట నేను రెండు వానాకాలాలు తిరిగి తెచ్చిన నమూనాలతో వ్యాసం అచ్చయింది, రచయితల్లో నా పేరు లేదు. అడిగితే "కృతజ్ఞతల్లో పెట్టాం కదా" అన్నారు. నాతో తిరిగిన ఫీల్డ్ అసిస్టెంటు పేరు అక్కడ కూడా లేదు. చేరకముందే ఆ ల్యాబులో పాత విద్యార్థులు ఇద్దరితో విడిగా ఫోన్లో మాట్లాడండి. వాళ్లు ఏం చెప్పారన్నదాని కన్నా, చెప్పడానికి ఎంత తటపటాయించారో చూడండి.

మలేరియా తగ్గిపోతోంది కదా, ఇంకా పనుంటుందా అని కూడా అడిగారు. 2016లో దేశం మొత్తం మలేరియా కేసుల్లో దాదాపు 40 శాతం ఒడిశావే. ఒడిశా ప్రభుత్వం నడిపిన దమన్ అనే మలేరియా నిర్మూలన కార్యక్రమంలో మారుమూల ఊళ్లకెళ్లి జ్వరం లేనివాళ్లకి కూడా పరీక్ష చేసి మందివ్వడం, దోమతెరలు పంచడం, వీటన్నిటితో ఆ తర్వాత బాగా పడిపోయాయి. పడిపోయినప్పుడే మన పని కష్టమూ అవుతుంది, అవసరమూ అవుతుంది. మిగిలిన కొద్ది కేసులూ ఊళ్లోనే దాగిన పాత క్రిమివా, ఇటుక బట్టీలకి వలస వెళ్లొచ్చినవాళ్లతో వచ్చిన కొత్తవా అన్నది జన్యువులు చూస్తేనే తెలుస్తుంది.

నాన్నగారి మాటకొస్తే, గొడవ పెట్టుకోకండి. ఆయన భయం న్యాయమే, నేను పర్మనెంటు అయ్యేసరికి 36 ఏళ్లు, మా అమ్మ అప్పటిదాకా చుట్టాలకి నేనింకా "చదువుతోంది" అనే చెప్పేది. బీఈడీ దరఖాస్తు పెట్టనివ్వండి, దాంతోపాటు ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షలూ రాయండి. నెట్ రాయడానికి మూడేళ్లు గడువు అడగండి, ఆ గడువు ఆయన ముందే తేదీ వేసి రాయండి.

ఈలోపు ఈ వానాకాలం మీ బ్లాకులో ఆశా దిదీ ఎవరైనా ఒప్పుకుంటే ఓ వారం ఆమె వెంట తిరగండి. రక్తం ముట్టుకోవద్దు, ఊరికే చూడండి. ఎవరింట్లో దోమతెర ఎక్కడుందో, ఎవరికి జ్వరం వస్తే ముందు ఎక్కడికెళ్తారో నోటుబుక్కులో రాసుకుని ఇక్కడ పెట్టండి. ఏ ఎమ్మెస్సీ అన్నది అది చూసి మాట్లాడుకుందాం. ఫిల్టర్ కాగితాలు దాచే పని ఎప్పుడైనా పడితే సిలికా జెల్ పొట్లం నీలం నుంచి గులాబీ రంగుకి తిరగ్గానే మార్చేయండి. ఆ రంగు చూసుకోక ఒక శ్రావణమాసంలో నావి మూడు వందల చుక్కలు బూజుపట్టాయి.